సాంచెల మోతలో సైలస్ మార్నర్

ఎం.ఏ. ఇంగ్లిష్ అంటే ఫటాఫట్ ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే కోర్సు అనుకుని చేరేవాళ్ళు ఏటా ఉంటారు. వాళ్ళకు మొదటి నెలలోనే చాసర్ ఎదురవుతాడు. ఆరు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లిష్. సగం మాటల స్పెల్లింగే గుర్తుపట్టలేరు. కొందరు ఆ వారమే బి.ఎడ్. వైపు వెళ్ళిపోతారు. ఉండిపోయినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల కాలేజీల్లో ఇంగ్లిష్ చెప్తూ, పీజీ ఎంట్రెన్సులకూ నెట్‌కూ పిల్లల్ని తయారుచేస్తూ జుట్టు నెరిసినవాణ్ని. క్లాసులో పిల్లల్ని నువ్వు అనే పిలుస్తాను. ఇక్కడా అదే అలవాటు, ఏమనుకోకు.

ముందు ఒక మాట తేల్చుకుందాం. ఈ చదువులో అసలు పని చదవడం. వినడానికి తేలికగా ఉంటుంది. ఒక పేజీని మూడుసార్లు చదవమంటే రెండోసారికే ఫోన్ వైపు చూపు పోతుంది. మొదటిసారి ఎవరు ఏం చేశారో చూడు. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదువు. అర్థం కాని మాట కింద గీత కొట్టు, అర్థమైందనిపించి అనుమానంగా ఉన్న మాట కింద రెండు గీతలు కొట్టు. మూడోసారి పైకి చదువు. వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటోందో అప్పుడు గాని తెలియదు. రెండు గీతల మాటలే పరీక్షలో, పరిశోధనలో, ఇంటర్వ్యూలో నీకు పని చేసిపెడతాయి.

ఇది నాకు నేర్పింది జగిత్యాలలో మా డిగ్రీ లెక్చరర్ సారు. ఒక కవిత సైక్లోస్టైల్ చేసి ఇచ్చేవారు. కవి పేరు ఉండేది కాదు, కాలం ఉండేది కాదు. మేం లేచి గొప్ప భావాలు చెప్పబోతే ఆపేసేవారు. "నీకేమనిపించిందో తర్వాత. అక్కడేమున్నదో చెప్పు" అనేవారు. చాలా ఏళ్ళకు ఐ.ఎ. రిచర్డ్స్ 'ప్రాక్టికల్ క్రిటిసిజం' చేతికొచ్చింది. 1929 నాటి పుస్తకం. కేంబ్రిడ్జిలో విద్యార్థులకు పేర్లు తీసేసిన కవితలిచ్చి, వాళ్ళు రాసిన అభిప్రాయాలను కూర్చి చేసిన పని అది. మా సారు రిచర్డ్స్ పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. పద్ధతి మాత్రం చేతికిచ్చి వెళ్ళారు.

ఆ పద్ధతి మొట్టమొదట అక్కరకొచ్చింది కవితకు కాదు, దుబాయి కాగితానికి. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతంలో గల్ఫ్‌కు మనిషి పోని వాడకట్టు ఉండదు. ఇంగ్లిష్ చదువుకున్న పిల్లగాడు ఊళ్ళో ఉంటే కాగితాలన్నీ అతని ముందుకే వస్తాయి. వేసవి సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు మా వాడకట్టులో ఒకాయన ప్లాస్టిక్ కవరు విప్పి కాగితాలు నా ముందు పెట్టాడు. ఏజెంటుకు అడ్వాన్సు ఇచ్చేశాడు, మిగతా పైసలు మర్నాడు కట్టాలి.

"ఏమున్నది బిడ్డా గీండ్ల?"

మూడుసార్లు చదివాను. మూడోసారి పైకే చదివాను. కంపెనీ పేరుంది, ముద్ర ఉంది, తేదీ ఉంది. విజిట్ అని ఉంది. "గీండ్ల నౌకరి అన్న మాటనే లేదు మామా. పోయి చూసి వచ్చే వీసా ఇది" అన్నాను. ఆయన మిగతా పైసలు కట్టలేదు. పంచాయితీ పెట్టి పాస్‌పోర్టు వెనక్కి తీసుకున్నాడు. అడ్వాన్సు మాత్రం పోయింది. ఆ తర్వాత నాకు షేక్‌స్పియర్ మీద వచ్చిన మార్కులు గానీ, చదివిన సెమినార్ పేపర్లు గానీ మా వాడకట్టులో అంత పేరు తేలేదు.

తెలుగు మీడియం నుంచి వచ్చానని బెదిరిపోకు. సిరిసిల్ల పక్కన హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి బడి చదువంతా ఉర్దూ మీడియంలో సాగింది. ఆయన తెలుగు కవి అయి, 'విశ్వంభర'కు 1988 జ్ఞానపీఠ్ తెచ్చారు. ఉస్మానియా 1918లో మొదలైందే ఉర్దూ మాధ్యమంగా. మన తాతల కాలం నుంచీ ఒక భాషలో బతికి ఇంకో భాషలో చదవడం ఈ ప్రాంతానికి మామూలే. కాకపోతే డిక్షనరీ అరిగిపోవాలి.

నేను ఉస్మానియాలో ఎం.ఏ. చేసింది తొంభైల మొదట్లో. అప్పట్లో క్యాంపస్‌లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ ఉండేది. 1964లో పెట్టారు. అమెరికన్ సాహిత్యం మీద అంత పెద్ద లైబ్రరీ దగ్గర్లో ఎక్కడా లేదని దేశం నలుమూలల నుంచి రీసెర్చ్ స్కాలర్లు వచ్చి దిగేవాళ్ళు. పక్కనే సీఫెల్. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై, 1972లో విదేశీ భాషలు కూడా చేరి సీఫెల్ అయింది. ఇప్పుడు నువ్వు ఎంట్రెన్స్ రాసే ఇఫ్లూ అదే. ఈ రెండింటి మధ్య నడుస్తూ నేర్చుకున్నదే ఎక్కువ. అస్సాం నుంచి వచ్చిన ఒక స్కాలర్ నాకు కార్డులు రాయడం నేర్పాడు. మూడంగుళాలకు ఐదంగుళాల కార్డు. ముందు పుస్తకం పేరు, పేజీ నంబరు, ఆ తర్వాతే వాక్యం. వాక్యం ముందు రాసి పేజీ తర్వాత రాద్దామనుకునేవాడు చచ్చినా రాయడు. ఆర్నెల్ల తర్వాత ఆ వాక్యం ఎక్కడిదో వెతుక్కుంటూ రాక్‌ల చుట్టూ తిరుగుతాడు. ఇప్పుడు కార్డులు పోయి ఫోన్లో ఫొటోలొచ్చాయి. అయినా వరస అదే: ముందు అట్ట ఫొటో, తర్వాత పేజీ నంబరు కనపడేలా పేజీ ఫొటో.

ఇక సిరిసిల్ల సంగతి. ఇది కొంచెం తీరికగా చెప్తాను.

సిరిసిల్లలో చేరిన కొత్తలో నాన్‌డిటెయిల్డ్ కింద 'సైలస్ మార్నర్' చెప్పాల్సి వచ్చింది. జార్జ్ ఎలియట్ రాసిన 1861 నాటి నవల. సైలస్ నారబట్ట నేసేవాడు. ఊరి చివర, పాడుబడ్డ రాతి క్వారీ పక్కన రాళ్ళ ఇంట్లో ఒక్కడే ఉంటాడు. పగలంతా మగ్గం. ఊళ్ళో పిల్లలకు ఆ మగ్గం చప్పుడు వింత. కిటికీలోంచి తొంగిచూస్తారు. దగ్గరి చూపు తప్ప ఆనని పెద్ద పెద్ద కళ్ళు వాడివి. ఆ కళ్ళు తమ వైపు తిరిగాయంటే పిల్లలు పరుగో పరుగు. వేరే ఊళ్ళో ఈ అధ్యాయం చెప్పినప్పుడు మగ్గం అంటే ఏమిటో బోర్డు మీద బొమ్మ గీసేవాణ్ని. సిరిసిల్లలో సుద్దముక్క తీయబోతే వెనక బెంచీ నుంచి నవ్వు వినపడింది. క్లాసులో సగం మంది సాంచెల ఇళ్ళ పిల్లలు. సాంచె అంటే పవర్‌లూమ్. బీములు, కండెలు, పడుగు, పేక, ఆసాములు, సేట్లు వాళ్ళకు ఇంటి మాటలు. ఆసామి అంటే నూలు తెచ్చుకుని సొంత సాంచెల మీద కూలికి నేసిచ్చే చిన్న యజమాని.

ఆ రోజు నేను పాఠం చెప్పలేదు, వాళ్ళే చెప్పారు. సైలస్ ఎందుకు వంగిపోయి ఉంటాడు? ఒకడు లేచి, బాపు ఎట్ల కూసుంటడో కూర్చుని చూపించాడు. కళ్ళు ఎందుకు అలా అయ్యాయి? తెగిన పోగు వెతకడానికి చీకట్లో కళ్ళు పెట్టుకుని చూసీ చూసీ. సైలస్ తన బంగారు నాణేలను మగ్గం కింద ఇటుకలు లేపి, గుంతలో ఇనుప కుండలో దాస్తాడు. "గా జాగనే ఎందుకు సార్?" అని అడిగితే ఒకమ్మాయి చెప్పింది, "రోజంత కాళ్ళు ఆడేది ఆడనే గద సార్, ఎవడన్న ముట్టుకుంటె తెలుస్తది." నాకు గైడులో దొరకని జవాబు.

తర్వాత ఎప్పీ వస్తుంది. పసిపిల్ల. అల్లరి తట్టుకోలేక సైలస్ వెడల్పాటి నారబట్ట పట్టీతో ఆ పిల్ల నడుముకు కట్టి, రెండో కొస మగ్గానికి కడతాడు. ఒకరోజు అతను పనిలో మునిగిపోయి కత్తెర అందే చోట పెడతాడు. పిల్ల పట్టీ కత్తిరించుకుని బయటికి పారిపోతుంది. ఈ పేజీ చదువుతుంటే క్లాసు క్లాసంతా గుసగుసలు. కండెలు చుట్టే అమ్మ తమను పాత చీరతో గుంజకు కట్టేసిన సంగతి ఇద్దరు ముగ్గురు చెప్పారు. బెల్టు తిరిగే చోటుకు పిల్లలు పోకుండా అది తప్పదు మరి. ఇంగ్లండు పల్లెలో జరిగిన కథ అని మళ్ళీ గుర్తు చేయాల్సి వచ్చింది.

ఒక పిల్లగాడు మాత్రం చివరి దాకా ఒప్పుకోలేదు. "నేసేటోనికి గంత బంగారం యాడ మిగిలింది సార్?" అని నిలదీశాడు. న్యాయమైన ప్రశ్న. అప్పులకూ ఆత్మహత్యలకూ పత్రికల్లోకెక్కిన ఊరు మరి. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చేదాకా ఎన్ని సాంచెలు మూలకు పడ్డాయో వాళ్ళకు తెలుసు. కథ జరిగేది పందొమ్మిదో శతాబ్దం మొదట్లో. మరమగ్గాలు ఇంకా చేనేతవాడి నోటి కూడు లాక్కోని రోజులు. ఆ తర్వాత ఇంగ్లండు నేతగాళ్ళ గతి ఏమైందో చెప్తూ ఇ.పి. థాంప్సన్ 1963లో రాసిన 'ది మేకింగ్ ఆఫ్ ది ఇంగ్లిష్ వర్కింగ్ క్లాస్'లో నేతగాళ్ళ మీద ఒక అధ్యాయమే ఉంది. అది జిరాక్సు తీయించి ఇచ్చాను. వాడు చదివొచ్చి ఇంకో నాలుగు ప్రశ్నలడిగాడు. పీజీలో వాడి టర్మ్ పేపరు ఆ నాలుగు ప్రశ్నల నుంచే పుట్టింది. టర్మ్ పేపరుకు టాపిక్ ఎక్కడ దొరుకుతుందని అడుగుతుంటారు కదా, నచ్చని చోట దొరుకుతుంది. నవల నీకు అబద్ధంగా తోచిన చోట వేలు పెట్టి, ఎందుకలా తోచిందో పది పేజీలు రాయి.

నేతగాళ్ళు ఇంగ్లిష్ సాహిత్యంలో ఎక్కడపడితే అక్కడ తగులుతారని అప్పటి నుంచి నా కంటపడింది. చాసర్ 'కాంటర్‌బరీ టేల్స్' ప్రోలాగ్‌లో వైఫ్ ఆఫ్ బాత్ ఐదుగురు మొగుళ్ళ కథతోనే అందరికీ గుర్తు. అంతకంటే ముందు ఆమె బట్ట నేయడంలో దిట్ట అని చాసర్ రాశాడు, నేతకు పేరుమోసిన ఈప్ర్, గెంట్ పట్టణాలవాళ్ళను మించినదని కూడా అన్నాడు. షేక్‌స్పియర్ 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లో గాడిద తల తగిలించుకునే బాటమ్ కూడా నేతగాడే. పనివాళ్ళు దొర పెళ్ళికి నాటకం కట్టే ఆ సీను కాలేజి వార్షికోత్సవంలో వేయించాం. గాడిద చెవులకు నూలు చుట్టొచ్చిన కోన్లు. అవి బాటమ్ వేసిన కుర్రాడి కళ్ళ మీదకు జారి, వాడు స్టేజి మీద రాణిని వదిలేసి మైకు స్టాండు వైపు నడిచాడు. తండ్రులు పగలబడి నవ్వారు. షేక్‌స్పియర్ రాసిన జోకుకు కాదు, పోనీ. అన్ని వేషాలూ నేనే వేస్తానని బాటమ్ పట్టుబట్టే చోట మాత్రం, ఇంగ్లిష్ ముక్క రాని ఆసాములు కూడా సరిగ్గా నవ్వాల్సిన చోటే నవ్వారు. మా వాళ్ళకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు.

లింగ్విస్టిక్స్ పేపరంటే అందరికీ గుబులు. ఫొనెటిక్స్ ఇంకా గుబులు. బ్రిటిష్ ఉచ్చారణలో 44 ధ్వనులు, 24 హల్లులు, 20 అచ్చులు, ఆ అచ్చుల్లో 8 డిఫ్‌థాంగులు. ఇంతవరకు బట్టీ పట్టొచ్చు. నోట్లో పలికించడం బట్టీకి లొంగదు. బాలసుబ్రమణియన్ పుస్తకం 1981 నుంచి అందరి చేతుల్లో ఉంది. దానికంటే ముందు 1972లో బన్సల్, హారిసన్ రాసిన 'స్పోకెన్ ఇంగ్లిష్ ఫర్ ఇండియా' ఉంది. రెండూ చదువు. పుస్తకాల పక్కన ఒక అరచేతి అద్దం కూడా పెట్టుకో.

అద్దం ఎందుకంటే, మనం కోర్సు పేరు చెప్పేటప్పుడే మూడుచోట్ల జారతాం. "యెం.యే. యింగ్లిష్" అంటాం. మాట మొదట్లో ఎ, ఏ, ఇ వస్తే తెలుగు నోరు ముందో 'య' తగిలిస్తుంది. ఒ, ఓ వస్తే 'వ' తగిలిస్తుంది, 'ఓన్లీ' కాస్తా 'వోన్లీ' అవుతుంది. అద్దంలో చూసుకుంటూ పెదాలు ముందే గుండ్రంగా ముడవకుండా పలుకు, వారంలో పోతుంది. 'జూ'కు వేరే మందు. తెలుగులో జ రెండు రకాలు, 'జీతం'లో ఒకటి, 'జల్లెడ'లో ఒకటి. రెండింట్లోనూ నాలుక ముందు పైకి తాకి గాలిని ఆపుతుంది. ఇంగ్లిష్ 'జూ'లో తాకదు, పాము బుసలా సాగుతూ ఉంటుంది. 'స' అంటూ గొంతు మీద వేలు పెట్టి, గొంతు అదిరేదాకా సాగదీయి. వచ్చేస్తుంది.

ఒక సాంచె ఇంటి అమ్మాయి ఈ పేపర్లో అందరికంటే ముందుండేది. నేను ధ్వని ఎక్కడ పుడుతుందో చెప్పకముందే చెప్పేసేది. కింది పెదవి పై పళ్ళకు తాకింది సార్, నాలుక పళ్ళ మధ్యకు వచ్చింది సార్. ఎట్లా పట్టావమ్మా అంటే, షెడ్డులో మోతకు మాట వినపడదు, చిన్నప్పటి నుంచీ పెదాలు చూసే మాట పడతామంది. లాంకషైర్ మిల్లుల్లో నేసే ఆడవాళ్ళు కూడా ఆ మోతలో ఇలాగే పెదాలతో మాట్లాడుకునేవాళ్ళు. దానికి మీ-మాయింగ్ అని ఒక పేరే ఉండేది. ఆ సంగతి ఆ అమ్మాయికి చెప్పాను. వైవాలో ఎగ్జామినర్‌కు చెప్పి మార్కులు కొట్టేసింది.

ఒకటి మాత్రం పట్టుకుని చెప్తాను. యాస గురించి తల బాదుకోకు. కరీంనగర్ యాస ఇంగ్లిష్‌లో కొంచెం వినపడితే కొంపలేం మునగవు. అవతలివాడికి మన మాట అర్థం కాకపోవడానికి ఎక్కువగా కారణం స్ట్రెస్. ఫొటోగ్రాఫ్‌లో మొదటి అక్షరం మీద, ఫొటోగ్రఫీలో రెండో దాని మీద, ఫొటోగ్రాఫిక్‌లో మూడోదాని మీద బరువు పడుతుంది. మనం అన్నింటినీ సమానంగా నొక్కుతాం. డిక్షనరీలో బరువు పడే అక్షరం ముందు చిన్న నిలువు గీత ఉంటుంది. అర్థంతో పాటు ఆ గీతను కూడా చూసే అలవాటు మొదటి సెమిస్టర్‌లోనే చేసుకో.

ఫీల్డ్‌వర్క్ కావాలంటే నీకు అడవికి పోయే పనిలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు మాండలిక వృత్తి పదకోశాలుగా తెచ్చారు. రైతుల దగ్గర, నేతగాళ్ళ దగ్గర జిల్లా జిల్లాకూ మాటలు సేకరించి చేసిన పని. అది చేతిమగ్గాల పదకోశం. సాంచెల మాటలు ఎవరు సేకరిస్తారు? ఇంకో బ్యాచ్ అమ్మాయి ఒకతె ప్రాజెక్టుగా తీసుకుంది. మొదటి రోజు నోట్‌బుక్కు తెరిచి బాపును అడిగింది, దీన్నేమంటరని. బిడ్డ ఇంగ్లిష్ ఎం.ఏ. కదా, ఆయన ఠపీమని "షటిల్" అన్నాడు. అన్నింటికీ ఇంగ్లిష్ మాటలే. తెచ్చి నాకు చూపిస్తే చింపేయమన్నాను. పుస్తకం మూసి షెడ్డులో ఊరికే కూర్చోమన్నాను. సాయంత్రం సాంచె ఆగిపోయినప్పుడు ఆయన పక్క సాంచె మనిషిని కేకేస్తూ "నాడె" అన్నాడు. తర్వాత దెబ్బ మీద దెబ్బ, రాసుకోలేనన్ని మాటలు. కొన్ని పదకోశంలో వేసుకోదగినవి కావు.

లేబొవ్ అనే ఆయన న్యూయార్క్ దుకాణాల్లో చేసింది ఇదే. మూడు స్టోర్లకు వెళ్ళి, నాలుగో అంతస్తులో ఉండే సరుకు ఎక్కడుందని అడిగేవాడు. 'ఫోర్త్ ఫ్లోర్' అని జవాబొస్తుంది. వినపడనట్టు మళ్ళీ అడిగేవాడు. అందులోని 'ర' పలికారా లేదా, రెండోసారి జాగ్రత్తగా పలికారా అన్నది ఆయన లెక్క. భాష గురించి అడుగుతున్నట్టు ఎవరికీ తెలియనివ్వలేదు. 1966లో అచ్చయిన ఆ పుస్తకం లేకుండా సోషియోలింగ్విస్టిక్స్ సిలబస్ ఉండదు. మా పిల్లలు జగిత్యాల బస్టాండులో ధర్మపురి బస్సు గురించి అడిగి, ఎవరు 'ఎక్కడ' అన్నారు, ఎవరు 'యాడ' అన్నారు అని టాలీ గీశారు. కండక్టర్లు చిరాకుపడ్డారు. డేటా బాగానే వచ్చింది.

ఇక పరీక్ష పేపర్లు. స్పాట్ వాల్యుయేషన్‌కు కూర్చున్నవాడికి తెలుస్తుంది గైడ్ల రాజ్యం. మిల్టన్ 'లిసిడాస్' రాసింది 1637లో ఐరిష్ సముద్రంలో మునిగి చనిపోయిన తోటి విద్యార్థి ఎడ్వర్డ్ కింగ్ స్మృతిలో. ఏదో గైడులో పేరు తిరగబడి అచ్చయినట్టుంది. ఒక ఏడు కట్టలు కట్టలుగా వచ్చిన బుక్‌లెట్లలో 'కింగ్ ఎడ్వర్డ్' మునిగిపోయాడు. ఒకడు ఇంకాస్త ముందుకెళ్ళి రాజ్యమంతా శోకసముద్రంలో మునిగిందని రాశాడు. పక్క టేబుల్ సారు ఆ వాక్యాన్ని అందరికీ చదివి వినిపించి, ఇంగ్లిష్ మాత్రం బాగుందని రెండు మార్కులు వేశారు. గైడు కొనొద్దని నేననను, అందరం కొన్నాం. కవిత చదివాక గైడు తెరువు. జవాబు మొదటి వాక్యంలో 'ప్రపంచ ప్రఖ్యాత కవుల్లో ఒకరు' అనే మాట రాయకు. దిద్దేవాడు ఆ పొద్దున అప్పటికే నూరుసార్లు చదివి ఉంటాడు. మొదటి వాక్యం కవితలోని ఒక వస్తువుతో, ఒక మాటతో మొదలుపెట్టు, దిద్దేవాడి పెన్ను ఆగుతుంది.

నెట్‌కు వేరే ఒడుపు కావాలి. 2018 నుంచి రెండు పేపర్లు, మొదటిది 50 ప్రశ్నలు, రెండోది 100, అన్నీ కలిపి 300 మార్కులు. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్కటీ వదలకు. పుస్తకాలను వచ్చిన వరసలో పేర్చమంటారు, జతపరచమంటారు. ఎబ్రమ్స్ 'గ్లాసరీ ఆఫ్ లిటరరీ టెర్మ్స్' ఒళ్ళో పెట్టుకుని పడుకో. కోరుట్లలో నా దగ్గర చదివిన ఒకమ్మాయి తల్లితో పాటు బీడీలు చేసేది. కూలి వెయ్యి బీడీల లెక్కన ఉంటుంది, చెయ్యి ఆగితే కూలి ఆగుతుంది. చాటలో తునికాకు, తంబాకు, చేతిలో కత్తెర. పుస్తకం పట్టుకునే వీలే లేదు. ఆ అమ్మాయి రాత్రిపూట ఎబ్రమ్స్‌ను తన గొంతుతోనే ఫోన్లో రికార్డు చేసుకుని, పగలు ఆకు కత్తిరిస్తూ వినేది. పుస్తకం పేరు వినపడగానే ఆపి, ఏ సంవత్సరమో పైకి చెప్పి, మళ్ళీ నొక్కేది. వాళ్ళమ్మకు కూడా కొన్ని ఏండ్లు నోటికొచ్చాయి. రాష్ట్రం పెట్టే సెట్ పాసైంది. ఈ ఉపాయం నేను చెప్పింది కాదు, ఇప్పుడు మాత్రం అందరికీ చెప్తున్నాను.

పిహెచ్.డి. గురించి తొందరపడకు. ఎం.ఫిల్. అనే మెట్టు 2022 నిబంధనలతో పోయింది, నేరుగా దూకాలి. దూకే ముందు టాపిక్ చూసుకో. అందరూ దున్నిన రచయిత్రుల మీదే ఇంకో థీసిస్ ఎందుకు? హైదరాబాద్‌లోనే సూసీ తరు, కె. లలిత 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' రెండు సంపుటాలు తెచ్చారు, 1991లో, 1993లో. కాకతీయలో ఇంగ్లిష్ చెప్పిన కె. పురుషోత్తం, గీతా రామస్వామి, గోగు శ్యామలతో కలిసి 2016లో తెలుగు దళిత సాహిత్యాన్ని ఆక్స్‌ఫర్డ్ సంకలనంగా ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. మన జగిత్యాలలోనే ఫొటో స్టూడియో నడిపి, చిన్న చిన్న కవితలతో నిప్పు రాజేసి, 1993లో వెళ్ళిపోయిన అలిశెట్టి ప్రభాకర్ ఉన్నాడు. ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్‌లో ఉండి ఇవి చేయకపోతే ఇంకెవరు చేస్తారు? రాసేటప్పుడు కాపీ సంగతి గుర్తుంచుకో. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాకా పర్వాలేదు, 10 దాటి 40 దాకా అయితే ఆర్నెల్లలోపు సరిచేసి మళ్ళీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ముందు పేజీ నంబరు, తర్వాత వాక్యం అన్న అస్సాం మిత్రుడి మాట ఇక్కడ నిన్ను కాపాడుతుంది.

ఉద్యోగాల సంగతి దాచను. గెస్ట్ ఫ్యాకల్టీగా గంటల లెక్కన ఏళ్ళకేళ్ళు చెప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో రాజకీయం తెలిసినవాడు కూడా చెప్పలేడు. 2022 డిసెంబరులో 1392 జూనియర్ లెక్చరర్ పోస్టులు పడ్డప్పుడు నా పాత విద్యార్థులు కొందరు వయసు లెక్కలు చూసుకుంటూ ఫోన్ చేశారు. అందుకే చదువుతూనే బి.ఎడ్. ఆలోచన ఉంచుకో, అనువాదం చేయడం నేర్చుకో, ఇంగ్లిష్ బోధన మీద ఇఫ్లూ డిప్లొమా చూడు.

ఇవన్నీ ఒకసారి సిరిసిల్ల ఆసామి ఒకాయనకు పూసగుచ్చినట్టు చెప్పాను. బిడ్డను ఎం.ఏ. ఇంగ్లిష్‌లో చేర్చాలా వద్దా అని కాలేజికి వచ్చాడు. ఓపిగ్గా విన్నాడు.

"గివన్ని మంచిగనే ఉన్నయి గని సార్, ఇప్పటికిప్పుడు ఏం పనికొస్తది?" అని, అంగీ జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. లోన్ తాలూకు నోటీసు. నేను చెయ్యి చాపేలోపే బిడ్డ అందుకుంది. ఒకసారి చదివింది. నా పెన్సిలు అడిగి తీసుకుని రెండోసారి చదివింది. కింద ఒక మాటకు రెండు గీతలు కొట్టి, కాగితం తిప్పి వెనక చూసింది.

"ఇది మొదటి పేజీనే బాపు. వాక్యం సగంల ఆగింది. రెండోది యాడున్నది?"

"అది గూడ ఇంగ్లిష్‌లనే ఉన్నదని ఇంట్ల వెట్టి వచ్చిన" అన్నాడాయన.